వైజాగ్–భీమిలి ‘కపుల్ ప్యాకేజీ’కి అడ్వాన్సు కొట్టేముందు ఇది చదవండి

ఇన్‌స్టాలో భీమిలి సూర్యోదయం రీల్స్ వేసి, కింద వాట్సాప్ నంబరు పెట్టే ఆ ప్యాకేజీవాళ్లు మీకు తెలిసే ఉంటారు. పేరు రాయను. సిటీలో ఒక రాత్రి, భీమిలి దగ్గర రిసార్టులో ఒక రాత్రి, కారు వాళ్లదే, ఇద్దరికీ కలిపి 11,500. సగం ముందే ఫోన్‌పేలో, మిగతా సగం రైలు దిగగానే. అంటే భీమిలి చేరేసరికి డబ్బంతా వాళ్ల చేతిలో, సంచులు మన చేతిలో. సిటీలో గది బానే ఉంది, దాని గురించి రాయడానికేం లేదు. ఒళ్లు మండింది భీమిలి రిసార్టు కౌంటర్ దగ్గర.

రాత్రి తొమ్మిది దాటింది. కౌంటర్లో ఉన్నతను ఇద్దరి ఆధార్లూ తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. "మేడమ్ ఇంటిపేరు వేరేగా ఉందండీ. అడ్రస్ కూడా వేరే." అవును, వేరేనే. పెళ్లవగానే ఆధార్‌లో ఇంటిపేరు మార్చి తీరాలని ఎక్కడా లేదు. చదువు సర్టిఫికెట్లు, పాన్, బ్యాంకు ఖాతా అన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న ఆడవాళ్లు దాని జోలికే పోరు, ఒకటి మారిస్తే అన్నీ మార్చుకుంటూ పోవాలి కాబట్టి. ఆ మాటే చెబితే "మరి పెళ్లయినట్టు ప్రూఫ్ ఏమైనా ఉందా?" అన్నాడు. ఫోన్లో పెళ్లి ఫోటోలు చూపిస్తే, "ఫోటోలెవరైనా తీయించుకుంటారు సార్" అని పక్కనున్నవాడి వైపు తిరిగి, మాకు వినపడేలాగే, "వీకెండ్ వచ్చిందంటే ఈ బాపతే" అని నవ్వాడు. సోఫాలో పిల్లాడికి పాలు పట్టిస్తున్న ఒకావిడ తలెత్తి మమ్మల్నిద్దరినీ పైనుంచి కిందిదాకా చూసింది.

ఆ తర్వాత వచ్చింది అసలు బేరం. "ఇద్దరి పేర్ల మీద రెండు రూములు తీసుకోండి, ఇబ్బందేం ఉండదు. రెండోది 2,800." ఒక గదిలో ఉంటే మంటగలిసే పరువు, రెండో గదికి డబ్బు కడితే నిలబడుతుందట! ఆ రెండు గదులూ పక్కపక్కనే. మధ్యలో కాపలా ఎవరూ ఉండరు.

ప్యాకేజీ ఆయనకి ఫోన్ చేస్తే, పొద్దున "అన్నా, అన్నా" అన్న నోటితోనే "అది రిసార్టు పాలసీ సార్, మాకు సంబంధం లేదు. ఇంటిపేర్లు వేరని మీరు ముందే చెప్పాలి కదా" అన్నాడు. మంచం మీద గులాబీ రేకులు చల్లిన ఫోటో పెట్టి ‘కపుల్ ప్యాకేజీ’ అని అమ్మింది నువ్వే కదయ్యా బాబూ! రెండు ఆధార్ ఫోటోలూ బుకింగ్ రోజే వాట్సాప్‌లో తీసుకున్నాడు కూడా. రద్దు చేసుకుంటామంటే "సేమ్ డే క్యాన్సిలేషన్, రీఫండ్ ఉండదు" అన్నాడు. ఆ టైములో సామానుతో ఎక్కడికీ పోలేం అని వాళ్లిద్దరికీ తెలుసు. 2,800 కట్టించుకున్నాకే తాళాలిచ్చారు.

చట్టం సంగతి చెప్పాలంటే, పెళ్లికాని ఆడా మగా ఒక గదిలో ఉండటం నేరమనే చట్టమేదీ లేదని 2019లో కోయంబత్తూరు లాడ్జి కేసులో మద్రాసు హైకోర్టే చెప్పింది. పెళ్లయినవాళ్ల గతి ఇలా ఉంది. గదిలో దిగే ఇద్దరి గుర్తింపు కార్డులూ అడిగి రిజిస్టర్‌లో రాసుకోవడం మామూలే, ఇవ్వాల్సిందే. రిసార్టుకి సొంత షరతులు ఉంటే ఉండనీ. కానీ డబ్బు తీసుకునేముందు చెప్పని షరతుని డబ్బు మొత్తం ముట్టాక బయటికి తీయడం పాలసీ కాదు, దోపిడీ.

‘లోకల్ ఐడీ’ బాధితులు ఇంకో రకం. ఆధార్ మీద విశాఖపట్నం అడ్రస్ ఉంటే భీమిలి వైపు కొన్నిచోట్ల గదే ఇవ్వరు. గాజువాక నుంచో మధురవాడ నుంచో పెళ్లిరోజుకని వెళ్లేవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోండి.

ఇక కారు. ‘80 కిలోమీటర్లు, 8 గంటలు’ అని రాశారు. షెడ్ నుంచి షెడ్ దాకా లెక్క అని రాయలేదు. షెడ్ గాజువాకలో. అక్కడినుంచి రైల్వే స్టేషన్‌కి సుమారు 15, స్టేషన్ నుంచి బీచ్ రోడ్డులో భీమిలికి సుమారు 30. రానూపోనూ కలిపితే 90. అంటే ఎక్కడా బండి ఆపకుండా వెళ్లొచ్చినా 80 దాటిపోతుంది! మనల్ని అక్కడే దింపేసినా ఖాళీ బండి తిరిగెళ్లే దూరం మన ఖాతాలోనే. కైలాసగిరి, తొట్లకొండ ఎక్కి దిగితే ఇంకో పది వేసుకోండి. గంటలు కూడా బండి షెడ్‌లో కదిలినప్పటినుంచే. ఆపైన డ్రైవర్ బత్తా, పార్కింగ్. వీటన్నిటి కింద ‘టోల్ 120’ అని ఇంకో గీత. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డులో భీమిలి దాకా టోల్‌గేటే లేదు! గట్టిగా అడిగితే ఆ గీత మటుకు కొట్టేశారు.

షెడ్యూల్ రాసినవాడు వైజాగ్ చూశాడో లేదో అనుమానమే. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ సోమవారం పెట్టాడు. సోమవారం దానికి సెలవు. ఎర్రమట్టి దిబ్బలకి ఇచ్చింది పావుగంట. రోడ్డు మీద నిలబడి చూస్తే అక్కడ కనిపించేది ఎర్రమట్టి గట్టు. వానకి కోసుకుపోయిన ఆ లోయలు, మలుపులు చూడాలంటే లోపలికి నడవాలి. ఎండ తగ్గాక గంటైనా ఉండాలి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. తొట్లకొండ దగ్గరికొచ్చేసరికి "పైకి బండి ఎక్కదు సార్" అన్నాడు డ్రైవర్. మా కళ్ల ముందే ఆటో ఎక్కుతోంది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు చూడనేలేదు, గంటలు అయిపోయాయట. ‘బీచ్ రిసార్ట్’ అన్నది కూడా బీచ్ మీద లేదు, ఊరు దాటి తగరపువలస రోడ్డులో లోపలికి ఉంది. లొకేషన్ పిన్ పంపమంటే ‘వచ్చాక డ్రైవర్ తీసుకెళ్తాడు’ అన్నారంటే అర్థం ఇదే.

వెళ్లాలనుకునేవాళ్లు గదీ కారూ ఒకడికే ఇవ్వకండి, ఒకచోట తేడా వస్తే రెండూ పోతాయి. గది రిసార్టుకే నేరుగా ఫోన్ చేసి తీసుకోండి. ఇద్దరి ఇంటిపేర్లు, అడ్రస్‌లు వేరని మీరే చెప్పి, ‘ఫర్వాలేదు’ అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. మ్యారేజ్ సర్టిఫికెట్ ఫోటో ఫోన్లో ఉంచుకోండి. పాస్‌పోర్టు ఉంటే ఇంకా మంచిది, ఎక్కించుకుని ఉంటే ఆఖరి పేజీలో భర్తదో భార్యదో పేరు ఉంటుంది. ఆధార్ పంపక తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ పంపండి. ఒక్క భీమిలికే అయితే కారు కూడా అక్కర్లేదు, స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్, ఋషికొండ మీదుగా 900కె సిటీ బస్సు ఉంది. చీకటి పడేలోపు తిరిగి బయల్దేరండి, రాత్రిపూట అక్కడినుంచి యాప్ క్యాబ్‌లు సరిగా దొరకవు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు తీసుకుని పూర్తిగా మాయమైపోతే అది సైబర్ మోసం, దానికి 1930, అదీ వెంటనే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. యూపీఐ రసీదులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు, చాట్, రీల్ స్క్రీన్‌షాట్ భద్రంగా పెట్టుకోండి. గొడవ మొదలవగానే ఆ రీల్ తీసేశాడు. రెండో గదికి బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, జీఎస్టీ నంబరు లేదు. అది కూడా ఫిర్యాదుకి జతచేశాం.

ఈ శనివారానికి డబ్బు కట్టేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మిగతా సగం ఇవ్వకముందే రిసార్టు పేరు కనుక్కుని ఇంటిపేర్ల సంగతి ఈరోజే అడగండి.