ప్రెస్ గ్యాంగ్‌కి దొరికాక: వాలంటీర్ అనిపించుకోవాలా, మొండికేయాలా?

18వ శతాబ్దపు బ్రిటన్‌లో యుద్ధమొస్తే రాయల్ నేవీ (అక్కడి నౌకాదళం) మనుషులు, అంటే ప్రెస్ గ్యాంగులు, రేవుల్లో, సారా కొట్లలో నావికుల్ని పట్టుకుపోయేవారు. ఏళ్ల తర్వాత ఇంటికొస్తున్న వర్తక ఓడల్ని కూడా ఒడ్డు కనబడుతుండగానే ఆపి, మనుషుల్ని లాక్కునేవారు. అలా పట్టుబడ్డవాడి ముందు ఒక బేరం పెట్టేవారు: ఇష్టంగానే చేరానని రాయించుకుంటావా?

డబ్బు: రాయించుకుంటే బౌంటీ (చేరినందుకిచ్చే సొమ్ము), పైగా రెండు నెలల జీతం అడ్వాన్స్. మొండికేస్తే రెండూ పోయినట్టే.

జీతం: ఇద్దరికీ ఒకటే. అనుభవమున్న నావికుడికి నెలకు 24 షిల్లింగులు, అదీ 28 రోజుల నెలకి. 1653లో కట్టిన ఈ లెక్క 1797లో ఇంగ్లండ్ తీరంలోని స్పిట్‌హెడ్‌లో నావికులు తిరగబడేదాకా కదల్లేదు! యుద్ధకాలంలో వర్తక ఓడలు ఇంతకంటే చాలా ఎక్కువే ఇచ్చేవి.

అప్పులు: వాలంటీర్ అయితే పాత చిన్న అప్పులవాళ్లు జైల్లో పెట్టించలేరు.

ప్రాణం: ఫిరంగి గుండు, జ్వరం ఎవరెలా చేరారని అడగవు. పారిపోయి దొరికితే ఎవరికైనా ఉరిదాకా వెళ్లొచ్చు.

విడుదల: అసలు తేడా ఇక్కడే. బౌంటీ పుచ్చుకున్న అమెరికన్ నావికుల్ని, ఇష్టపడే చేరారుగా అంటూ వదిలేవారు కాదు.

కాబట్టి అప్రెంటిస్‌కీ, విదేశీయుడికీ, మినహాయింపు పత్రం ఉన్నవాడికీ మొండికేయడమే మేలు. ఏ కాగితమూ లేక, అప్పులవాళ్లు వెంటపడుతున్న నావికుడైతే బౌంటీ తీసుకోవడమే నయం. ఎలాగూ తీసుకెళ్తారు.