తెలుగు ఫైళ్ల మీద మ్యాజిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మ్యాజిట్ అంటే ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ వదిలి బయటికి రాకుండానే గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) నడుపుకునే ప్యాకేజీ. 2008 నుంచి ఉంది. కంట్రోల్-ఎక్స్ జి కొడితే మారిన ఫైళ్ల జాబితా ఉండే స్టేటస్ బఫర్ (ఈమాక్స్‌లో తెరిచిన పేజీని బఫర్ అంటారు) తెరుచుకుంటుంది. ఫైలు మీద ట్యాబ్ కొడితే తేడా అక్కడే విచ్చుకుంటుంది. ఎస్ కొడితే స్టేజ్, అంటే తర్వాతి కమిట్‌లోకి ఎక్కించడం. యు అన్‌స్టేజ్. సి రెండుసార్లు కొడితే కమిట్, అంటే ఎక్కించిన మార్పులు చరిత్రలో నమోదు కావడం. ఈ మాత్రం పని ఇప్పుడు ఏ ఎడిటరైనా చేస్తుంది.

దీని సత్తా లైన్ల దగ్గర తెలుస్తుంది. కడప జిల్లా మండలాల ఫైల్లో ‘పొద్దుటూరు’ను ‘ప్రొద్దుటూరు’గా దిద్దారు, రెండు లైన్ల కింద ఇంకో ఊరి పిన్‌కోడ్ మార్చారు అనుకోండి. దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే హంక్‌లో (గిట్ కలిపి చూపించే మార్పుల ముక్కలో) పడతాయి. ప్రొద్దుటూరు పాత లైను, కొత్త లైను రెండింటినీ కంట్రోల్-స్పేస్‌తో ఎంచుకుని ఎస్ కొడితే అవి మాత్రమే స్టేజ్‌కు ఎక్కుతాయి. స్పెల్లింగ్ ఒక కమిట్, పిన్‌కోడ్ ఇంకో కమిట్.

అయితే మారిన లైన్లు ఒకదాని కిందే ఒకటి ఉంటే ఈ ఉపాయం బెడిసికొడుతుంది. గిట్ ముందు రెండు పాత లైన్లు, ఆ తర్వాత రెండు కొత్త లైన్లు చూపిస్తుంది. మొదటి ఊరి పాత-కొత్త జంట ఒకే ఎంపికలో పట్టదు. విడివిడిగా ఎక్కిస్తే కమిట్‌లో లైన్ల వరుస తారుమారవుతుంది. ఫైల్లోకి వెళ్లి రెండో మార్పును అన్‌డూ చేసి, మొదటిది స్టేజ్ చేసి, మళ్లీ రెడూ చేసుకోవడమే తేలిక.

పాత కమిట్‌లో చిన్న తప్పు దొరికితే దిద్దిన లైన్లు స్టేజ్ చేసి సి, పెద్ద ఎఫ్ కొట్టి ఆ కమిట్‌ను చూపిస్తే చాలు, రీబేస్ (ఆ తర్వాతి కమిట్లను దాని మీద మళ్లీ పేర్చడం) అదే చేసుకుంటుంది. పుష్ చేసేసిన (సర్వర్‌కు పంపేసిన) కమిట్ల జోలికి మాత్రం పోవద్దు.

తెలుగుతో వచ్చే చిక్కులు వేరే. సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పెట్టుకుంటే స్టేటస్ బఫర్‌లో కే కొట్టినా ‘క’ అనే వెళ్తుంది, మ్యాజిట్‌కు అర్థం కాదు. సిస్టమ్ కీబోర్డు ఇంగ్లిష్‌లోనే ఉంచి, ఈమాక్స్ సొంత తెలుగు-ఇన్‌స్క్రిప్ట్‌ను కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో పెట్టుకోండి. అది ఏ బఫర్‌లో పెడితే ఆ బఫర్‌కే వర్తిస్తుంది. టెర్మినల్ గిట్‌లో తెలుగు ఫైలు పేర్లు అంకెల గుట్టలా కనిపిస్తే కోర్.కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కనబడాలంటే హార్ఫ్‌బజ్ (అక్షరాల ఆకారాలు కూర్చే లైబ్రరీ)తో బిల్డ్ చేసిన ఈమాక్స్ 27 గానీ ఆపైది గానీ, అదీ విండోలో తెరిచిందే కావాలి. టెర్మినల్లో తెరిస్తే అక్షరాలు చెదురుతాయి.

అసలు తలనొప్పి కనిపించని అక్షరం. ఎర్ర (పాత) లైన్లో ‘కర్నూల్’, పచ్చ (కొత్త) లైన్లోనూ ‘కర్నూల్’, అయినా తేడా ఉందంటుంది. కొన్ని టైపింగ్ టూళ్లు పదం చివరి పొల్లు తర్వాత జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే వెడల్పు లేని, కంటికి కనిపించని అక్షరం వదిలేస్తాయి. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తెలుగు ప్రతులు పోల్చించాడు, కానీ పాపం ఈ రకం పాఠాంతరం వాళ్లకు తగల్లేదు. మ్యాజిట్-డిఫ్-రిఫైన్-హంక్ అనే సెట్టింగ్‌ను టి (అంటే ఆన్) చేస్తే లైన్లో తేడా ఉన్న చోటు రంగు పడుతుంది. అక్కడ కర్సర్ పెట్టి డిస్క్రైబ్-క్యార్ నడిపితే దాని యూనికోడ్ నంబరు 200సి బయటపడుతుంది. వదిలేస్తే కోడ్‌లో ఆ రెండు కర్నూళ్లు ఎప్పటికీ సరిపోలవు.

కే కీతో జాగ్రత్త. అది మార్పును పారేస్తుంది. ఒకసారి అడుగుతుంది, కానీ చెయ్యి అలవాటుపడ్డాక వై దానంతటదే పడిపోతుంది. మ్యాజిట్-విప్-మోడ్ ముందే ఆన్ చేసి ఉంటే పారేసినది విప్ రెఫ్‌ల (మ్యాజిట్ పక్కన దాచిపెట్టే నకళ్ల) నుంచి తెచ్చుకోవచ్చు. ఇది మొదటి రోజే పెట్టుకోవాలి.

విండోస్‌లో నిదానం, దాచేదేం లేదు. ప్రతి రిఫ్రెష్‌కు గిట్‌ను చాలాసార్లు పిలుస్తుంది, అక్కడ కొత్త ప్రాసెస్ పుట్టడానికే టైం పడుతుంది. స్టేటస్ హెడర్ల నుంచి ట్యాగ్స్ వరుస తీసేస్తే కొంత నయం. లైనక్స్‌లో ఈ బాధ లేదు.

ఎండాకాలం యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, గిట్ రాస్తుండగా కరెంటు పోతే డాట్-గిట్ ఫోల్డర్లో ఇండెక్స్.లాక్ మిగిలిపోతుంది. ఆపైన ఎస్ కొట్టినా ఏదీ ఎక్కదు. డాలర్ గుర్తు నొక్కితే గిట్ చెప్పిన ఎర్రర్ కనిపిస్తుంది. వేరే గిట్ ఏదీ నడవడం లేదని చూసుకుని ఆ ఒక్క ఫైలు తీసేసి, స్టేటస్ బఫర్‌లో జి కొట్టి రిఫ్రెష్ చేయండి.