పదో తరగతి ఇంగ్లీష్: గైడా, పాఠ్యపుస్తకమా?

పోయిన ఫిబ్రవరిలో మా బడి పదో తరగతి పిల్లలకు ఇంగ్లీష్‌లో రివిజన్ టెస్ట్ పెట్టాను. ‘ద డియర్ డిపార్టెడ్’ నాటకం మీద ఒకే ఒక పెద్ద ప్రశ్న ఇచ్చాను. అందులో తాత చనిపోయాడనుకుని కూతుళ్లు ఆయన వస్తువుల మీద పడతారు, ఆయనేమో లేచి వస్తాడు. ఆ రాత్రి తాత తన డైరీలో ఏం రాసుకుని ఉంటాడో రాయమన్నాను. మొత్తం 34 పేపర్లు. వాటిలో 19 మంది డైరీ జోలికే పోలేదు. ఆ కూతుళ్లు అమీలియా, ఎలిజబెత్ మాట్లాడుకుంటున్నట్టు సంభాషణ రాశారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అందరిదీ అదే సంభాషణ. వాళ్లు కొన్న గైడులో ఆ పాఠం కింద ఇచ్చింది అదే మరి. అందులో ఒకచోట అచ్చుతప్పు ఉంది, అమీలియా అనాల్సిన మాట ఎలిజబెత్ పేరు మీద పడింది. 19 పేపర్లలోనూ అది ఎలిజబెత్ పేరు మీదే ఉంది.

దిద్దుతుంటే దిగులేసింది. వాళ్లెవరూ బద్ధకించే పిల్లలు కారు. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని, కళ్లు మూసుకుని అప్పజెప్పుకుంటూ నేర్చుకున్నవాళ్లు. అంత కష్టం పడ్డారు, ప్రశ్న మాత్రం చదవలేదు. చదివినా, దానికి తగ్గట్టు మార్చి రాయడానికి వాళ్ల దగ్గర సొంత వాక్యం ఒక్కటీ లేదు.

జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, “మేడమ్, ఇంగ్లీష్‌కు ఏ గైడ్ కొనమంటరు?” అని. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. గైడు వద్దే వద్దని కోప్పడే టీచర్లతో నేను ఏకీభవించను. అదొక్కటి చాలనుకునే పిల్లలను చూస్తే అంతకంటే ఎక్కువ భయమేస్తుంది.

గైడు వైపు నుంచి చెప్పాల్సింది చాలా ఉంది, ముందు అది చెబుతాను. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఇంగ్లీష్ చదవగలిగే మనిషి లేడు. సాయంత్రం ఇంటికెళ్లి పాఠం తెరిస్తే, తెలియని మాటకు అర్థం చెప్పే దిక్కు ఉండదు. గైడులో పేరా పక్కనే తెలుగు అర్థం ఉంటుంది. కష్టమైన మాటను ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో వేసి ఉంటుంది. టీచరు సెలవులో ఉన్నా, పోస్టు ఖాళీగా ఉన్నా ఆ పిల్లకు కాస్తంత తోడు దొరికేది అక్కడే. ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో చేయాల్సిన పని గైడు చేస్తోంది. ఆ పిల్ల చేతిలోంచి దాన్ని లాక్కునే ముందు, బదులుగా మనం ఏమిస్తున్నామో చూసుకోవాలి.

గ్రామర్‌కు కూడా గైడు పనికొస్తుంది. వాయిస్ మార్చడం, రిపోర్టెడ్ స్పీచ్, రెండు వాక్యాలను కలపడం లాంటివాటికి సూత్రం ఉంటుంది, జవాబు ఒకటే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఒక్కోదానికి అభ్యాసాలు కొన్నే ఉంటాయి, గైడులో యాభై దొరుకుతాయి. యాభై చేసినవాడికి చేయి తిరుగుతుంది. లేఖలో చిరునామా ఎక్కడ రాయాలి, నోటీసుకు పైన ఏముండాలి, డైరీలో తేదీ ఎటు వేయాలి అన్నవి కూడా గైడు చూసి నేర్చుకుంటే తప్పేం లేదు. ఎవరు రాసినా ఆ చట్రం ఒకటేగా.

తేడా వచ్చేది సొంతంగా రాయాల్సిన చోట. అసలు ఈ పరీక్ష తీరు ఎందుకు మారిందో గుర్తు చేసుకోవాలి. మా చిన్నప్పుడు పాఠం చివర ఉన్న ప్రశ్నలే పరీక్షలో వచ్చేవి, గైడులో జవాబు బట్టీ పడితే సరిపోయేది. బడుల్లో ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో చెప్పే రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో పుస్తకాలన్నీ మార్చారు. పదో తరగతికి 2014లో కొత్త ఇంగ్లీష్ పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ప్రశ్నల తీరూ మారింది. పాఠంలోంచి ఒక పేరా ఇస్తారు, ఆ పాత్ర ఆ తర్వాత ఏం మాట్లాడి ఉంటుందో, ఏం రాసుకుని ఉంటుందో ఊహించి రాయమంటారు. పుస్తకంలో లేని పేరా ఇచ్చి అర్థమైందో లేదో చూస్తారు. బట్టీకి చోటు తగ్గించాలనే ఇదంతా చేశారు. గైడులవాళ్లేమో ఆ ఊహను కూడా ముందే అచ్చు వేసి ఇస్తున్నారు. ఒక పాఠానికి ఒక సంభాషణో, ఒక లేఖో, ఒక డైరీయో, అంతే. ప్రశ్న కొంచెం పక్కకు జరిగితే పిల్లవాడి చేతిలో ఏమీ మిగలదు.

ఇంకో చిక్కు గైడు భాష. అందులో జవాబులు పిల్లల ఇంగ్లీష్‌లో ఉండవు. ‘ద ప్లే ఈజ్ ఎ స్కేదింగ్ సటైర్ ఆన్ ద డిక్లైన్ ఆఫ్ ఫిలియల్ అఫెక్షన్’ లాంటి వాక్యాలు ఉంటాయి. అర్థం తెలియని వాక్యాన్ని గుర్తుపెట్టుకోవడమంటే తెలియని ఫోన్ నంబర్ గుర్తుపెట్టుకోవడమే. మధ్యలో ఒక్క అంకె మరిచిపోతే మిగతాదంతా దండగ. పరీక్ష హాల్లో టెన్షన్‌కు ‘స్కేదింగ్’ అన్న మాట జారిపోతే, పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. దాని బదులు ఏం రాయాలో తట్టదు, ముందుకు దూకి తర్వాతి వాక్యం అందుకోలేడు. సగంలో తెగిన అలాంటి జవాబులు ప్రతి టెస్టులోనూ చూస్తాను. అదే విషయాన్ని ‘ద డాటర్స్ డిడ్ నాట్ లవ్ దెయిర్ ఫాదర్. దే లవ్డ్ హిజ్ థింగ్స్’ అని రాస్తే రెండు చిన్న వాక్యాలు, ఒక్క తప్పూ లేదు, నాటకం సారమంతా వచ్చేసింది. దిద్దేవాళ్లు సంతోషంగా మార్కులు వేస్తారు.

ఆ టెస్టులోనే ఇంకో పేపరు గురించి చెప్పాలి. పక్క పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చే ఒక అమ్మాయి ఉంది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. డిసెంబరులో ఒకరోజు స్టడీ అవర్‌లో ఇదే నాటకం గైడు ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రతి ఇంగ్లీష్ లైను మీదా పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో పలికే తీరు రాసుకుంది, పేజీ నల్లబడిపోయింది. “గైడ్ మూసెయ్. కథ తెలుగుల చెప్పు” అన్నాను. భయపడింది. కాసేపాగి మొదలుపెట్టింది.

“తాత సచ్చిపోయిండనుకుంటరు మేడమ్. ఏడుపు రాదు ఎవ్వలకు. ఆయన బల్ల పైకెల్లి కిందికి తెచ్చుకుంటరు. ఆయన కొత్త చెప్పులు గూడ అల్లుడు తొడుక్కుంటడు. ఆయనేమో ఉట్టిగ పండుకుండు. లేసొచ్చి సూస్తే ఆయన చెప్పులు అల్లుడి కాళ్లకున్నయ్.”

నాటకం మొత్తం ఆ చెప్పుల్లో పెట్టి చెప్పేసింది. ఇదే తాత చెబుతున్నట్టు ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాల్లో రాయమన్నాను, ఒక్కో వాక్యంలో ఐదారు మాటలకు మించొద్దని చెప్పాను. మాట తెలియకపోతే అడగొచ్చు, వాక్యం మాత్రం అడగొద్దు అన్నాను. ‘స్లిప్పర్స్’ స్పెల్లింగ్ అడిగింది. అరగంట పట్టింది. ఇలా రాసింది: దే థాట్ ఐ వాజ్ డెడ్. ఐ వాజ్ ఓన్లీ స్లీపింగ్. దే బ్రింగ్డ్ మై టేబుల్ డౌన్. హెన్రీ ఈజ్ వేరింగ్ మై న్యూ స్లిప్పర్స్. నోబడీ క్రైడ్ ఫర్ మి.

‘బ్రింగ్డ్’ను ‘బ్రాట్’ చేశాను. అంతకు మించి నేను దిద్దాల్సిందేమీ కనపడలేదు. ఫిబ్రవరి టెస్టులో డైరీ అడిగితే డైరీయే రాసిన 15 మందిలో ఆమె ఒకతె. ఆ ఐదు వాక్యాలకు ఇంకో ఏడు చేర్చింది. నేను రేపే వకీలు దగ్గరికి పోయి వీలునామా మార్చేస్తానని తాత చేత రాయించింది. పాఠంలో ఆయన సోమవారం అంటాడు, అది మరిచిపోయింది. పోతే పోనీ.

పాఠ్యపుస్తకంతో చదవడమంటే నా లెక్కలో ఇదే. పాఠం నాలుగుసార్లు పైకి చదవాలి, కథ తెలుగులో చెప్పుకోవాలి, తర్వాత చిన్న వాక్యాల్లో ఇంగ్లీష్‌లో రాయాలి. మొదట్లో చాలా నెమ్మదిగా సాగుతుంది. ఒక పాఠానికి వారం పడుతుంది. గైడుతో అయితే అదే పాఠం రెండు సాయంత్రాల్లో ‘అయిపోతుంది’. అందుకే పిల్లలు అటు మొగ్గుతారు, వాళ్లను తప్పు పట్టలేం. లెక్కలూ సైన్సూ నెత్తిన కూర్చుని ఉంటాయి. కానీ సంక్రాంతి తర్వాత తేడా కనిపిస్తుంది. సొంతంగా రాసే పిల్లకు ఏ ప్రశ్న వచ్చినా భయం ఉండదు. పుస్తకంలో లేని పేరా వచ్చినా చదువుతుంది. గైడు పిల్లవాడు మాత్రం మార్చిలోనూ బట్టీ పడుతూనే ఉంటాడు, పాతది మరిచిపోతూ కొత్తది ఎక్కించుకుంటూ.

పాత ప్రశ్నపత్రాలు కూడా ఒక దారే. వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చివరి రెండు నెలల్లో వాటికి మించింది లేదు. గడియారం పెట్టుకుని, గైడు మూసి, పూర్తి పేపరు రాయాలి. ఫోన్లో ‘ఈ పది ప్రశ్నలు పక్కా’ అని చెప్పే వీడియోలు మాత్రం చూడకండి. ఊహించి రాయమనే ప్రశ్నకు ‘పక్కా’ అనేది ఉండదు. ఫోన్‌ను అడిగి జవాబు రాయించుకోవడమూ గైడు లాంటిదే. అచ్చుతప్పులు తగ్గుతాయేమో గానీ, పిల్లవాడికి వాక్యం రాయడం రాదు.

ఇంటర్‌కు వెళ్లాక లెక్క కొంచెం మారుతుంది, అది ఒప్పుకోవాలి. మా అక్క కూతురు ఇంటర్ చదివినప్పుడు ఆమె పుస్తకాలు నేనే దగ్గరుండి చదివించాను. అక్కడ అనోటేషన్లు (పాఠంలోంచి ఒక వాక్యం ఇచ్చి వివరించమనేవి), చిన్న జవాబులు, గ్రామర్ బిట్లు ఒక మూసలో వస్తాయి. అనోటేషన్‌కు పరిచయం, సందర్భం, వివరణ అని హెడ్డింగులు పెట్టి రాస్తారు. కవి పేరూ కవిత పేరూ మార్చుకుంటూ పోతే చాలావరకు గడుస్తుంది. పాస్ కావడానికి కావాల్సింది నూటికి 35. గైడు పట్టుకుని 35 దాటడం కష్టం కాదు, 80 దాటినవాళ్లూ ఉన్నారు. అలా మంచి మార్కులతో బయటికొచ్చిన పిల్లలు ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మూడు లైన్ల సెలవు చీటీ రాయడానికి తడబడుతుంటే చూశాను, అందుకే ఆ మార్కులు చూసి నేను మురిసిపోలేను. తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్ మొదటి ఏడాది ఇంగ్లీష్‌కు కూడా ప్రాక్టికల్స్ పెట్టారు. రాతకు 80, ప్రాక్టికల్స్‌కు 20. ప్రాక్టికల్స్‌లో ఎదుటి మనిషి ఒక మాట అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పడం గైడులో చదివితే వచ్చేది కాదు.

మరి ఎవరికి ఏది మేలు? పరీక్షకు ఆరు నెలలకు మించి టైమ్ ఉన్న ఏ పిల్లకైనా పాఠ్యపుస్తకం, ఒక తెల్లకాగితాల నోట్‌బుక్ మేలు. ఇంగ్లీష్‌లో వెనకబడిన పిల్లలకైతే మరీ మేలు. బాగా చదివే పిల్లవాడు గైడు వాడినా దాన్ని తన మాటల్లోకి మార్చుకోగలడు. వెనకబడినవాడికి ఆ శక్తి ఉండదు, అందులోనే చిక్కుకుపోతాడు. గైడు వెనకబడినవాళ్ల కోసమేనని అందరూ అంటారు గానీ, నేను చూసినంతలో వాళ్లకే అది ఎక్కువ నష్టం చేస్తోంది.

తెలుగు అర్థాల కోసం, గ్రామర్ కోసం గైడు ఉండనివ్వండి. జవాబుల పేజీలు మాత్రం సొంతంగా రాశాకే తెరవాలి, సరిచూసుకోవడానికి. మా క్లాసులో ఆ పేజీలకు రబ్బరు బ్యాండు వేయిస్తున్నాను. పాఠం రాసి చూపించినవాళ్లకే ఆ బ్యాండు తీసే అనుమతి.

పరీక్షకు ఇరవై రోజులే ఉండి, ఇప్పటిదాకా ఏమీ చదవలేదంటే అప్పుడు గైడే దిక్కు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మొత్తం మింగే ప్రయత్నం చేయొద్దు. గ్రామర్ రోజూ చేయండి. లేఖ, డైరీ, నోటీసు, సంభాషణల చట్రాలు చూడకుండా వేయగలగాలి. పెద్ద జవాబుల్లో అర్థం తెలియని ప్రతి మాటనూ పెన్సిల్‌తో కొట్టేసి, పైన తెలిసిన మాట రాసుకోండి. మాట దొరకకపోతే ఆ వాక్యమే తీసేయండి. పది వాక్యాల జవాబు ఆరు వాక్యాలవుతుంది. ఆ ఆరూ మీరు మరిచిపోరు.

ఈ జూన్‌లో మా బడికి ఒక తండ్రి వచ్చాడు, ట్రాక్టర్ నడుపుతాడు. కూతురి కోసం ఏ గైడు కొనాలో రాసివ్వమని చిన్న చీటీ చాపాడు. గైడు సంగతి దసరా తర్వాత చూద్దామని, ‘200 పేజీల లాంగ్ నోట్‌బుక్’ అని రాసిచ్చాను. చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిదేనా మేడమ్? ఇంకేం వద్దా?” అన్నాడు. రోజూ రాత్రి ఆ రోజు పాఠం ఆమె చేత తెలుగులో చెప్పించుకుని వినండి, అదొక్కటి చేయండి అన్నాను. తనకు చదువు రాదు కదా అన్నాడు. వినడానికి చదువు అక్కర్లేదన్నాను. వారానికి మూడు రోజులైనా వింటున్నానని మొన్న బస్టాండులో కలిసినప్పుడు చెప్పాడు. పోయిన వారం కథలో ఆ పిల్ల ఒక మనిషి పేరు తప్పు చెబితే తనే పట్టుకున్నాడట.