మీరెవరి తాలూకా?

రథసప్తమి రద్దీ తగ్గిన వారానికి అమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని అరసవల్లి దర్శనానికి వెళ్లాము. మూడు రాత్రులు మూడు రకాల బసల్లో గడిపాము: శ్రీకాకుళం పట్టణంలో ఫోనులోనే తీసుకున్న ఒక ఫ్లాటు, కళింగపట్నం వైపు పల్లెలో ఒక కుటుంబం డాబా మీద అద్దెకిచ్చే రెండు గదులు, విజయనగరంలో ఒక లాడ్జి.

ఫ్లాటు చూడముచ్చటగానే ఉంది. వంటగది ఉండడం వల్ల అమ్మకు పథ్యం వండిపెట్టుకోగలిగాము, అద్దె రోజుకు 2,400 రూపాయలు. అయితే లోపలికి వెళ్లడానికే అరగంట పట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ "మీరెవరి తాలూకా బాబూ?" అని, అంటే ఎవరి మనుషులమని అడిగాడు, ఫోనులో మాట్లాడిన మనిషి పేరు చెబితే ఆ పేరుగలవాళ్లు అక్కడెవరూ లేరన్నాడు. అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. రోజువారీ అద్దెలు వద్దని నివాసులందరూ తీర్మానం చేసుకున్నారని, అర్ధరాత్రి గోలకు పరీక్షలు రాసే పిల్లలు నిద్రపోలేకపోతున్నారని సంఘం కార్యదర్శి మర్యాదగానే చెప్పారు. ఆయన బాధ న్యాయమైనదే. ఆ రాత్రి మా ఫ్లాటుకు మాత్రమే కరెంటు పోతే యజమాని ఫోను ఎత్తలేదు. చివరికి మమ్మల్ని ఆపిన వాచ్‌మనే వచ్చి సరిచేశాడు. మేమెవరమో కళ్లారా చూసినవారు లేరు కానీ అందరి ఆధార్ ఫొటోలూ ముందే పంపమన్నారు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపాను. బిల్లు అడిగితే ఇవ్వలేదు.

బాటసారికి చోటిచ్చేవారు తమ పేరు నమోదు చేయించుకోవాలనీ, కాపలా మనుషులను పెట్టాలనీ 1867 నాటి సరాయిల (సత్రాల) చట్టమే చెప్పింది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలోనూ యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలనీ, అద్దెగదులు ఆరుకు మించకూడదనీ నియమం ఉంది. ఇంటివారు ఉండాలన్న ఆ ఒక్క నియమం ఎంత విలువైనదో మరునాడు పల్లెలో తెలిసింది.

శ్రీకూర్మం, శాలిహుండం చూసుకుని సాయంత్రానికి అక్కడికి చేరాము. ఇంటావిడ మా పేర్లు నోటుపుస్తకంలో రాసుకుని, ఎవరని అడిగిన పక్కింటివారికి "మా తాలూకానేనమ్మా" అని చెప్పింది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, రాత్రికి చేపల పులుసు, భోజనంతో కలిపి 1,800 రూపాయలు. లోపం లేదనను: డాబా మెట్లకు పక్కన పట్టుకునే కమ్మీ లేదు, నిప్పు ఆర్పే సిలిండరు లేదు. నమోదు చేయించుకోలేదేమని అడిగితే, పన్ను వేస్తారేమోనని, కరెంటు మీటరును వ్యాపార మీటరుగా మారుస్తారేమోనని భయమంది. మీటరు సంగతి నేను చెప్పలేకపోయాను కానీ, ఏడాది రాబడి 20 లక్షలు దాటనిదే మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదని చెప్పాను. అంత రాబడి రెండు గదులకు ఎక్కడిది?

విజయనగరం లాడ్జి కోటకు దగ్గర. రిజిస్టరులో సంతకం, గదిలో చెమ్మవాసన, 5 శాతం జీఎస్టీతో పక్కా బిల్లు. ఒక రాత్రికి చాలు.

బార్సిలోనా నగరం తన 10,101 పర్యాటక ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు తరువాత పునరుద్ధరించబోమని ప్రకటించింది. అక్కడ ఊరివారికే అద్దె ఇళ్లు అందని పరిస్థితి వచ్చింది. మన జిల్లాలకు అంతటి కఠినత్వం అక్కరలేదు. ఇంటివారు ఉండి ఇచ్చే ఒకటి రెండు గదులకు గ్రామ సచివాలయంలోనే తేలికగా నమోదు జరిపి, మెట్లూ మరుగుదొడ్డీ కరెంటు తీగలూ ఒకసారి చూసి నంబరు ఇస్తే, ఆ ఇంటావిడలాంటివారు భయం లేకుండా ముందుకు వస్తారు. ఎవరూ ఉండని ఫ్లాట్లకు మాత్రం నివాసుల సంఘం సమ్మతి, పిలిస్తే వెంటనే రాగల మనిషి ఫోను నంబరు, ప్రకటనలోనూ గేటు మీదా నమోదు సంఖ్య తప్పనిసరి చేయాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం పల్లెవారికి అన్యాయం.

వైశాఖంలోగా మెట్లకు కమ్మీ వేయిస్తానని ఆవిడ అమ్మకు మాట ఇచ్చింది. శ్రీముఖలింగం చూడడానికి మళ్లీ వెళ్లినప్పుడు అక్కడే దిగుతాము.