వాము వాసన వేసే యంత్రం: ఏడాది వాడాక

మా ల్యాబ్‌లో 100 మిల్లీలీటర్ల సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ యూనిట్ కొని ఏడాదైంది. పనితనం నాకు బాగా నచ్చింది. సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పొర ముక్కనీ, కాస్త థైమాల్‌నీ వెసెల్‌లో (ప్రెషర్ తట్టుకునే పాత్రలో) పెట్టి బిగిస్తాం. వాముకి ఆ వాసన వచ్చేది థైమాల్ వల్లే. 31 డిగ్రీల వేడి, 74 బార్ ప్రెషర్ దాటాక (సూపర్‌క్రిటికల్ అంటే ఆ స్థితే) కార్బన్ డయాక్సైడ్ ద్రవంలా థైమాల్‌ని కరిగించుకుని, గ్యాస్‌లా పొర సందుల్లోకి దూరిపోతుంది. ప్రెషర్ దించితే గ్యాస్ పోతుంది, థైమాల్ పొరలో మిగులుతుంది. సాల్వెంట్ ఆరబెట్టే గోల లేదు. ఆ ముక్కని స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద పెడితే, మర్నాటికి చుట్టూ బ్యాక్టీరియా పెరగని తేట వలయం ఒకటి. ఇంటికెళ్తే మాత్రం అమ్మ “వాము వేయించావా?” అంటుంది.

చిరాకంతా ఓ-రింగులతోనే, అంటే వెసెల్ మూత దగ్గర గ్యాస్ లీకవకుండా ఆపే రబ్బరు రింగులతో. గ్యాస్ రబ్బరులోకీ దూరుతుంది, ప్రెషర్ గబగబా దించితే రింగు బొబ్బలెక్కి చీలిపోతుంది. మొదటి నెలలోనే మూడు పోయాయి. కంపెనీకి ఫోన్ చేస్తే “మెల్లగా దించండి మేడమ్” అన్నారు. నిజమే, అలా చేస్తే పొర కూడా నురగలా ఉబ్బడం లేదు. మరి ఆ ఒక్క ముక్క మాన్యువల్‌లో రాయడానికేం? స్పేర్ రింగులు రావడానికి మూడు వారాలు పట్టింది. కొనేవాళ్లు యంత్రంతో పాటే ఓ డజను తెప్పించుకోండి.