రొయ్యల మేతలో చేపపిండా, సోయాపిండా?

చేపపిండిలో ప్రోటీన్ 60 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. ఆ వాసనకే రొయ్యలు మేత దగ్గరికి చేరతాయి. కానీ ప్రపంచంలో తయారయ్యే చేపపిండిలో పెద్ద వాటా పెరూ తీరంలో పట్టే ఆంకోవెటా లాంటి చిన్న చేపల నుంచి తీసిందే. అక్కడి సముద్ర పక్షులకూ, సముద్ర సింహాలకూ అవే ఆహారం. వాటి నోటి కూడు మనం లాక్కోవడం నాకు బాధగానే ఉంటుంది.

సోయాపిండిలో ప్రోటీన్ 44–48 శాతం. ఎదుగుదలకు కావాల్సిన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి విడిగా కలపాలి. అసలు టెన్షన్ ఫాస్ఫరస్‌తోనే. సోయాలో అది ఎక్కువగా ఫైటేట్ (గింజలు ఫాస్ఫరస్‌ను నిల్వ చేసుకునే పదార్థం) రూపంలో ఉంటుంది, రొయ్యకు సరిగా అరగదు. అరగనిది విసర్జనతో చెరువులోకి, నీళ్లు వదిలినప్పుడు కాలువలోకి, అక్కణ్నుంచి తీరానికి చేరి నాచుకు ఎరువవుతుంది. ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్‌ను మేతలో కలిపితే ఆ వృథా తగ్గుతుంది.

నా ఓటు సోయాకే, అదీ ఫైటేజ్ కలిపితేనే. పిల్ల రొయ్యల మేతలో మాత్రం కొంత చేపపిండి ఉంచాలి.