ఉప్పల్ మ్యాచ్ వీకెండ్: బ్లూ లైన్ వదిలితే తిప్పలే

హైదరాబాద్‌లో ఉప్పల్ స్టేడియానికి వెళ్లడం ఎవరికైనా వస్తుంది. తిరిగి రావడంలోనే ఉంది అసలు పని. రాత్రి 7:30కి మొదలైన ఐపీఎల్ మ్యాచ్ 11 గంటలకు అయిపోతుందని కాగితం మీద ఉంటుంది కానీ, 11:20, 11:30 అవడం మామూలే. ఇక్కడి పిచ్ మీద సిక్సర్లు ఎక్కువ, బంతి స్టాండ్‌లోంచి తిరిగి రావాలి కదా. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొడితే సన్‌రైజర్స్ దాన్నీ దాటేసింది. అలాంటి రాత్రుల్లో ఎవరూ ముందే లేచి పోరు. దాదాపు 39 వేల మంది ఒకేసారి రోడ్డు మీదికి వస్తారు.

పైగా స్టేడియం ఊరికి తూర్పు కొసన ఉంది. పేరున్న పబ్బులు, బ్రూవరీలు పడమటి కొసన జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. పాత రుచులేమో నడిమధ్యన. ఈ మూడింటినీ కలిపే తాడు ఒక్కటే, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్లే మెట్రో బ్లూ లైన్. బస, తిండి, బీరు అన్నీ దానికి నడక దూరంలో పెట్టుకున్నవాళ్ల వీకెండ్ బాగుంటుంది.

ముందు మెట్రో సంగతి. మ్యాచ్ రోజుల్లో చివరి రైలు వేళ పొడిగిస్తారు, అర్ధరాత్రి దాటాక కూడా రైళ్లు నడుస్తాయి. కానీ చాలామంది చదవని షరతు ఒకటుంది. ఆ పొడిగించిన వేళలో లోపలికి రానిచ్చేది ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్లలోనే. మిగతా స్టేషన్లన్నీ దిగడానికి మాత్రమే. అంటే మ్యాచ్ అయ్యాక దారిలో ప్యారడైజ్ దగ్గర దిగి, తినేసి మళ్లీ రైలెక్కుదాం అనుకుంటే గేటు తెరుచుకోదు. మియాపూర్, ఎల్బీనగర్ వైపు పోవాల్సినవాళ్లు అమీర్‌పేటలో మారే రెడ్ లైన్ రైలు ఆ రాత్రి ఎన్ని గంటల దాకా ఉందో మెట్రో వాళ్ల ప్రకటనలో ముందే చూసుకోవాలి. ప్రతి మ్యాచ్‌కీ కొత్తగా ప్రకటిస్తారు, నిరుటి వేళలు పట్టుకుని వెళ్లొద్దు.

ఈ మూడు స్టేషన్లలో ఏది ఎంచుకోవాలన్నదే మొత్తం ప్రయాణానికి కీలకం. స్టేడియం స్టేషన్ దగ్గర, పది పదిహేను నిమిషాల నడక. అందుకే జనమంతా అక్కడికే పోతారు, మెట్ల కింద నుంచే క్యూ మొదలవుతుంది. తెలివిగా ఆలోచించామనుకున్నవాళ్లు హబ్సిగూడ వైపు నడిచి ఎన్‌జీఆర్‌ఐలో ఎక్కుతారు. అది పొరపాటు. రైలు నాగోల్‌లో బయల్దేరి ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ వరసలో వస్తుంది. ఎన్‌జీఆర్‌ఐకి వచ్చేసరికి స్టేడియం జనంతో తలుపులు మూసుకోని పరిస్థితి. ఎదురు దిక్కున ఉప్పల్ దాకా నడిస్తే మాత్రం రైలు ఖాళీగా దొరుకుతుంది. నడక ఎక్కువే, కానీ మీరు ఎక్కి కూర్చున్నాక స్టేడియం జనం వచ్చి నిలబడతారు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023లో ప్రారంభించిన స్కైవాక్ ఎక్కితే రోడ్డు దాటే గొడవ లేకుండా నేరుగా స్టేషన్‌లోకి చేరొచ్చు.

లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. మన మెట్రో రైలుకి మూడే కోచ్‌లు. కిక్కిరిసి ఎక్కినా ఒక రైల్లో వెయ్యి మంది లోపే. స్టేడియంలోని జనంలో మూడో వంతు మెట్రోకి వచ్చినా పదమూడు రైళ్లు కావాలి. నాలుగైదు నిమిషాలకొకటి వచ్చినా చివరివాడి వంతు వచ్చేసరికి గంట.

టికెట్ కన్నా స్మార్ట్ కార్డు మేలు. వాట్సాప్ క్యూఆర్ టికెట్ బాగానే పనిచేస్తుంది, కానీ అది ఫోన్‌లో ఉంటుంది. ఆ వేళకి ఫోన్‌లో చార్జింగ్ ఉండదు, పవర్ బ్యాంకు స్టేడియంలోకి రానివ్వరు. 2025 మేలో చార్జీలు సవరించి, పది శాతం రాయితీ ఇచ్చాక గరిష్ఠ చార్జీ 69 రూపాయలైంది. రానూ పోనూ ఎంత దూరమైనా 138. ఉదయమే కార్డులో 200 వేసి పెట్టుకుంటే రాత్రి కౌంటర్ మొహం చూడక్కర్లేదు. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లలేరని గుర్తుంచుకోండి. లోపలికి తాకించిన కార్డు బయటికి తాకించేదాకా రెండోసారి పనిచేయదు. నలుగురైతే నాలుగు కార్డులు.

ఆర్టీసీ మ్యాచ్ రోజుల్లో ఊరి నలుమూలల నుంచి ప్రత్యేక బస్సులు వేస్తుంది. మెట్రో లేని ఘట్‌కేసర్, హయత్‌నగర్, మేడ్చల్ వైపు వాళ్లకి ఇదే దిక్కు, మంచి దిక్కు కూడా. ఆడవాళ్లకి మహాలక్ష్మి జీరో టికెట్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చెల్లుతుంది. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ నుంచి, విశాఖ నుంచి వచ్చే అక్కచెల్లెళ్లకి ఇక్కడ టికెట్టే. అక్కడి ఉచిత ప్రయాణ పథకం స్త్రీశక్తి ఆంధ్రప్రదేశ్ బస్సుల వరకే.

క్యాబ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. స్టేడియం చుట్టూ రోడ్లు పోలీసులు కట్టేస్తారు, యాప్‌లో పిన్ మాత్రం గేటు ముందే చూపిస్తుంది. డ్రైవర్ రాలేడు, మీరు కదలరు, పది నిమిషాల తర్వాత క్యాన్సిల్. క్యాబే కావాలంటే హబ్సిగూడ దాటి నడిచి, పెట్రోలు బంకో పెద్ద దుకాణమో చూసుకుని అక్కడ నిలబడ్డాక బుక్ చేయండి. ఆటో అన్నలు ఆ రాత్రి మీటరు మాట ఎత్తనివ్వరు. ఎక్కకముందే మొత్తం మాట్లాడుకోండి, తలకింతనా బండికింతనా అన్నది కూడా.

సొంత కారులో వచ్చేవాళ్లు, ముఖ్యంగా విజయవాడ హైవే మీద నుంచి వచ్చేవాళ్లు, ఎల్బీనగర్ నుంచి నాగోల్ దాకా వచ్చి మెట్రో దగ్గర డబ్బు కట్టి పార్క్ చేసి అక్కడి నుంచి రైలెక్కడం ఒక పద్ధతి. రాత్రి తిరుగు రైలు కోసం స్టేడియం స్టేషన్‌లో నాగోల్ వైపు ప్లాట్‌ఫాం అవతలి దానంత రద్దీగా ఉండదు. వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లకి నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఏళ్ల తరబడి కడుతూనే ఉన్న ఫ్లైఓవర్ కింద గుంతలు, మలుపులు తప్పవు. గంట అదనంగా వేసుకోండి. బైకు మీద వస్తే హెల్మెట్ లోపలికి రానివ్వరు, బండికే తాళం వేసే ఏర్పాటు ఉండాలి.

రైల్లో వచ్చేవాళ్లకి ఒక జాగ్రత్త. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. టికెట్ మీద చర్లపల్లి అని ఉంటే అక్కడ మెట్రో లేదు, ఉప్పల్‌కి రోడ్డు మీద రావాలి. సికింద్రాబాద్‌లో దిగితే మాత్రం ఎదురుగానే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. అదే రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోవడం జూదం. అర్ధరాత్రికి ముందు కదిలే రైలుకైనా, ఎల్బీనగర్‌లో ఆగే ప్రైవేటు బస్సుకైనా మీరు పందొమ్మిదో ఓవర్లోనే లేవాలి. అలా లేచేటట్టయితే టీవీలో చూడటం నయం.

బస ఎక్కడ? సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట. ఈ మూడింట్లో ఎక్కడైనా సరే. హైటెక్ సిటీ వైపు హోటళ్లు బాగుంటాయి కానీ లైను ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు గంట, అదీ నిలబడి. అమీర్‌పేటైతే అరగంట పైచిలుకు.

ఇక గ్లాసు సంగతి. స్టేడియంలో మద్యం అమ్మరు, తాగి వచ్చినట్టు కనిపిస్తే గేటు దగ్గరే ఆపుతారు. కాబట్టి మ్యాచ్‌కి ముందు పర్మిట్ రూంలో రెండు పెగ్గులేసి పోదామనే ప్లాన్‌కి మార్కులు సున్నా. నగరంలో వైన్సులు ఉదయం 10 నుంచి రాత్రి 11 దాకా. బార్లు అర్ధరాత్రి దాకా, శుక్ర శనివారాలు మరో గంట. తెలంగాణలో 21 ఏళ్లు నిండాలి, మంచి పబ్బులు తలుపు దగ్గరే గుర్తింపు కార్డు అడుగుతాయి. మ్యాచ్ 11:30కి అయి, మీరు ఉప్పల్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగేసరికి లాస్ట్ ఆర్డర్ అయిపోతుంది. అంటే మ్యాచ్ చూసే రోజు వేరు, బీరు తాగే రోజు వేరు. శనివారం మ్యాచ్ అయితే శుక్రవారం రాత్రో ఆదివారం మధ్యాహ్నమో పబ్బుకి పెట్టుకోండి.

పబ్బులకైతే చెక్‌పోస్ట్, పెద్దమ్మగుడి స్టేషన్ల మధ్య రోడ్ నంబర్ 36, దాని చుట్టుపక్కలే మేలు. మెట్రో ఆ రోడ్డు మీదుగానే పోతుంది. జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్, బ్రాడ్‌వే లాంటి బ్రూవరీల్లో అక్కడే తయారైన బీరు దొరుకుతుంది. హైదరాబాద్ ఎండకి గోధుమ బీరే కుదురుతుంది, నల్లగా చిక్కగా ఉండే స్టౌట్ జోలికి జనవరిలో పోవచ్చు. బయటి ఊళ్లో జరిగే మ్యాచ్‌ని పబ్బులో చూడాలంటే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. స్క్రీన్ ఉన్న టేబులేనా? మ్యాచ్ సౌండ్ పెడతారా, లేక డీజే మొదలయ్యాక మ్యూట్ చేస్తారా? తలుపు దగ్గర తీసుకునే కవర్ చార్జీ ఉంటే అది బిల్లులో తగ్గిస్తారా? రెండో ప్రశ్న మరిచిపోయినవాళ్లు పదిహేనో ఓవర్‌ని తీన్మార్ బీట్ మీద చూడాల్సి వస్తుంది.

బిల్లు వచ్చాక ఒకసారి చదవండి. తిండి మీద జీఎస్టీ ఉంటుంది, మద్యం మీద ఉండదు, దానికి వ్యాట్ వేరు. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదు, వద్దంటే తీసేయాలి. తాగినవాళ్లు బండి ముట్టుకోవద్దు. వీకెండ్ రాత్రుల్లో ఊరంతా తనిఖీలుంటాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి చాలు ఆ గీత దాటడానికి.

క్యాలెండర్ కూడా చూడండి. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో గుజరాత్‌తో మ్యాచ్, అదే రోజు శ్రీరామనవమి. శోభాయాత్ర కారణంగా నగరంలో వైన్సులన్నీ మూత. ఐపీఎల్ సీజన్‌లోనే శ్రీరామనవమి, హనుమాన్ జయంతి వస్తాయి, ఎన్నికలుంటే అదీ చేరుతుంది.

తిండి విషయంలో ఊరు ఎప్పుడూ మోసం చేయదు, వేళే మోసం చేస్తుంది. మ్యాచ్ అయ్యాక బిర్యానీ అన్నది అందరి కలే. తినే చోట్లకి రాత్రి 1 దాకా అనుమతి ఉన్నా మీరు చేరేది ఆ ఒంటిగంటకే, హండీ అడుగున మిగిలిన అన్నానికే. మధ్యాహ్నం ఒంటిగంటకి తినండి. అప్పుడే తీసిన దమ్ములో పైన తెల్లగా పొడిపొడిగా మెతుకులు, కింద మసాలా పట్టిన ముక్క, సర్వరు గరిటె నిలువునా దింపి రెండూ కలిసేట్టు తీస్తాడు. నాలుగింటికి పోతే ఆ రెండు పొరలూ కలిసిపోయి ఒకే రంగులో ఉంటాయి. 1953 నుంచి ఉన్న ప్యారడైజ్ అదే పేరు గల స్టేషన్ పక్కనే, బ్లూ లైన్ మీదే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీకి పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా, చాయ్‌కీ ఉస్మానియా బిస్కట్‌కీ. శాకాహారులకి సికింద్రాబాద్ తాజ్‌మహల్ హోటల్లో భోజనం, అమీర్‌పేటలో ఇంటి భోజనం కావాలంటే కాకతీయ మెస్. హలీం కోసం ఐపీఎల్‌కి వచ్చేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. 2025లో తొలి మ్యాచ్ నాటికి రంజాన్ నడుస్తూనే ఉంది. కానీ ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఇక కొన్నేళ్లు రెండూ కలవవు.

స్టేడియం లోపలికి నీళ్ల సీసా, బ్యాగు, సిగరెట్, లైటర్, ఇయర్‌ఫోన్లు, పెర్ఫ్యూమ్, బయటి తిండి ఏదీ రానివ్వరు. నాణేలు కూడా. స్టేడియం నిండితే సిగ్నల్ చచ్చి యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పదులు, ఇరవైలు, యాభైలు, వందల నోట్లే జేబులో పెట్టుకోండి. మధ్యాహ్నం 3:30 మ్యాచ్‌కి టికెట్ కొనేటప్పుడు ఈస్ట్ స్టాండ్ వద్దు. పడమటి సూర్యుడు ఎదురుగా మొహాన కొడతాడు, ఏప్రిల్ ఎండ 40 డిగ్రీలు. వెస్ట్ స్టాండ్‌లో అదే సూర్యుడు వెనకకి పోతాడు.

రాత్రి భోజనానికి మా సలహా ఒక్కటే. సాయంత్రం 5 గంటలకి టిఫిన్ తిని గేటు దాటండి. బయల్దేరే ముందు హోటల్ గది ఫ్రిజ్‌లో పెరుగన్నం పొట్లం ఒకటి పెట్టి వెళ్లండి.